పుట్టకముందు లెక్క

పట్నంలోని సంతాన సాఫల్య సెంటరు నుంచి ఫోను పొద్దున పదికీ పదకొండుకీ మధ్య వస్తుందని చెప్పారు. ఉమారాణి తొమ్మిదికే ఫోను చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చుంది. మోత్కూరుకు నాలుగు కిలోమీటర్ల అవతలి ఆ ఊళ్లో, అత్తగారు సత్తమ్మ ఇంట్లో, అరుగు మీద తూర్పు గోడకు ఆనుకుంటేనే సిగ్నలు అందుతుంది.

ముందు రోజు, ఆదివారం, ఆమెకు మత్తిచ్చి అండాలు తీశారు. పద్నాలుగు దొరికాయి. వాటిని భర్త దామోదర్ వీర్యంతో కలిపి వెచ్చటి పెట్టెలో ఉంచుతామని, ఎన్ని కలిశాయో మర్నాడు చెబుతామని అన్నారు. పెళ్లయి పన్నెండేళ్లు. ఇది రెండోసారి. మూడోసారి ఉండదని ఇంట్లో ముగ్గురికీ తెలుసు. మందలో ఇక అమ్మదగిన గొర్రెలు లేవు. ముప్పై ఆరేళ్ల ఉమారాణి ఒంట్లోనూ ఇక అండాలు పెద్దగా మిగల్లేవని డాక్టరమ్మ చెప్పింది.

దామోదర్ హాలియా దగ్గర చేప పిల్లల ఫారంలో పనిచేస్తాడు. అక్కడి కిరాయి గది రేకుల గది, వేడి. పైగా పట్నానికి దూరం. అందుకని ఈ వారం రోజులు సత్తమ్మ దగ్గర ఉండడానికి వచ్చారు. ఇక్కడ మందను పగలు దాయాది జానయ్య మేతకు తోలుకుపోతాడు. చూలు గొర్రెలనూ పసి పిల్లలనూ ఇంటి పక్క దొడ్డిలో సత్తమ్మ చూసుకుంటుంది.

పదీ ఇరవైకి ఫోను మోగింది.

“మేడం, సెంటర్ నుంచి సుహాసినిని. ల్యాబ్‌లో ఉంటాను. పద్నాలుగులో పదకొండు పనికొచ్చేవి ఉన్నాయి. వాటిలో ఎనిమిది కలిశాయి.”

“ఎనిమిదా?” ఉమారాణి గొంతు పైకి లేచింది.

దొడ్డి ఊడుస్తున్న సత్తమ్మ చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది. “మెల్లగనే! ఊరంత ఇనవడేటట్టు ఒర్రుతవేంది? లెక్క బయటికంటరా ఎవలన్న? గొల్లోళ్లింట్ల పుట్టినదానివేనా నువ్వు?”

సత్తమ్మ తన మందను ఎన్నడూ లెక్కపెట్టలేదు. పశువుల డాక్టరు వచ్చి ఎన్ని ఉన్నాయని అడిగినా “ఉన్నయి సారూ, మల్లన్న దయ” అంటుంది. సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకు తడిక దగ్గర నిలబడి ఒక్కో మొహం చూస్తుంది. రానిదేదో మొహాన్ని బట్టి పట్టేస్తుంది. అంకెతో పనిలేదు. దామోదర్ పనంతా అంకెలే. గుడ్డు నుంచి బయటపడి మూడు రోజులైన చేప పిల్లను ఫారంలో స్పాను అంటారు. వెంట్రుక ముక్కంత ఉంటుంది. దాన్ని గిన్నెతో ముంచి, గిన్నెకు ఇన్ని వేలని లెక్కగట్టి గుంటలో వదులుతారు. నెల తర్వాత వల లాగి ఎన్ని నిలిచాయో చూస్తారు.

“మంచి లెక్కనే,” అన్నాడు దామోదర్ గడప మీద నిలబడి. “మా కాడ లచ్చ స్పాను ఏస్తే నెలకు ముప్పై వేలు నిలవడితే ఓనరు మిఠాయి పంచుతడు.”

“నీ చేపల ముచ్చట నా ఇంట్ల తేకురా,” అంది సత్తమ్మ. “గుడ్లు వెట్టి మొకం తిప్పుకొని పోయే జాతి. కన్నది ఏడుందో ఎరుకుండదు. ఆకలైతే దాని పిల్లల్ని అదే తింటది.”

“నీ గొర్రె మంచిదే తియ్. ఒక్కదాన్ని కని వాడకట్టంత లేపుతది.”

“లేపుతది. పిల్ల కనవడకపోతే మేత ముట్టది. నా గొర్రెకున్న బుద్ధి నీ బొచ్చె చేపకున్నదారా?”

ఉమారాణి నవ్వింది. నవ్వితే పొత్తికడుపు పట్టేసినట్టయింది. రెండు చేతులతో అదిమి పట్టుకుని మళ్లీ నవ్వింది. ఎనిమిది. లోపలెక్కడో ఒక మూల, ఎనిమిది మందికీ పడుకోవడానికి చోటెక్కడ అని ఒక పిచ్చి ఆలోచన వచ్చి పోయింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక దామోదర్ వేలు నీళ్లలో ముంచి గచ్చు మీద గీతలు గీశాడు. కిందటేడు నల్లగొండలో శిక్షణకు పోయినప్పుడు ఒక సారు బోర్డు మీద గీసి చూపించాడట.

“గిది మనిషి గీత, ఏ ఈడుకు ఎందరు మిగులుతరనేది. పుట్టినోళ్లల్ల శానామంది ముసలితనం దాక ఉంటరు. ఆఖర్న ఒక్కపారి కిందికి వడతది. గిది పిట్టలది, ఏటవాలుగ దిగుతది. ఏ ఈడుల పోయేటియి ఆ ఈడుల పోతనే ఉంటయి. ఇగ గిది చేపది.” మూడో గీత పైనుంచి నిట్టనిలువుగా పడిపోయి, ఆ తర్వాత నేల వెంట సన్నగా పాకింది. “మొదట్లనే శాన పోతయి. గా గండం దాటినయి మల్ల తొందరగ సావయి. అందుకే చేప లచ్చలల్ల పెడతది, సాదదు. మనిషైనా గొర్రెయినా ఒక్కదాన్ని కని సాదుతది. ఎవల తరీక వాళ్లదన్నడు సారు.”

ఉమారాణి మూడో గీతనే చూస్తోంది. “పద్నాలుగు. పదకొండు. ఎనిమిది. నిన్నటి సంది ఇయ్యాల్టికే గిట్లయింది. మరి గిది ఏ గీత?”

దామోదర్ తడి వేలు లుంగీకి తుడుచుకున్నాడు. “మనిషి గీత పుట్టినంక లెక్క. పుట్టకముందుది సారు గీయలే.”

“అన్నం తిన్నకాడ గా పిచ్చి గీతలేందిరా,” అంటూ సత్తమ్మ తడిగుడ్డ తెచ్చి గచ్చు తుడిచేసింది.

మంగళవారం ఫోను రాదని ముందే చెప్పారు. ఆ రోజు పక్కింటి సుగుణమ్మ వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. ఉమారాణికి ఆపరేషనయిందని ఎవరో అన్నారట.

“కడుపుల గడ్డయింది,” అంది సత్తమ్మ, రెప్ప వేయకుండా. “తీసిన్రు.”

“అయ్యో. ఎంత గడ్డ?”

“నిమ్మకాయంత.”

ఉమారాణి గోడవైపు తిరిగింది. సుగుణమ్మ ఆమె వీపు నిమిరి, “పోతే పోనీ బిడ్డా. గా గడ్డతోనే ఇన్నాళ్లు కడుపు నిలువకపాయె. ఇగ జూడు, యాడాది తిరిగేవరకు ఎత్తుకుంటవు,” అంది. ఆమె వెళ్లాక సత్తమ్మ చాలాసేపు బియ్యంలో లేని రాళ్లు ఏరింది.

బుధవారం మూడో రోజు. ఫోను పదిన్నరకు వచ్చింది. ఉమారాణి స్పీకరు పెట్టింది. తల్లీ కొడుకులిద్దరూ చెరో పక్కన వంగారు.

“ఐదు ఉన్నాయి మేడం,” అంది సుహాసిని. “మూడు ఆగిపోయాయి. ఈ ఐదింట్లో రెండు బాగున్నాయి, మూడు కాస్త నెమ్మదిగా ఉన్నాయి. డాక్టర్ గారు రెండు దారులు చెప్పమన్నారు. ఈ రోజు సాయంత్రం నాలుగు లోపల వస్తే ఆ బాగున్న రెండూ లోపల పెట్టేస్తారు. లేదంటే ఐదో రోజు దాకా పెట్టెలోనే ఉంచి చూస్తారు. అప్పటికి నిలిచినవి గట్టివి. అవి కడుపులో నిలిచే అవకాశం ఎక్కువ. కానీ ఐదో రోజుకు ఒక్కటీ మిగలకపోవచ్చు కూడా. ఏదైనా మీ ఇష్టం. పన్నెండులోపు ఫోన్ చేసి చెప్పండి.”

“మీరైతే ఏం చేస్తరు మేడం?” అడిగింది ఉమారాణి.

“అది మేము చెప్పకూడదు మేడం.”

ఫోను పెట్టేశాక ముందుగా సత్తమ్మే లేచింది, పట్నానికి కట్టుకుపోవడానికి దండెం మీది చీర తీసింది.

“ఇంకా అడుగుడేంది? తెచ్చుకోవాలె. పడ్డ పిల్లను ఇంటికి తెచ్చుకుంటం గాని ఊరోళ్ల దొడ్లె ఇడిచిపెడ్తమా? తల్లి పొట్టకున్న ఏడి పెట్టెకుంటదా? లెవ్వు బిడ్డా, జానయ్యోళ్ల చిన్నబావకు ఆటో ఉన్నది, మోత్కూరుల కారు మాట్లాడుదం.”

“జర ఆగమ్మా,” అన్నాడు దామోదర్. “ఆగం కావద్దు. మొదటిపారి ఏమైంది? మూడోనాడే పెట్టిన్రు. రెండు పెట్టిన్రు. నిలిచినయా?”

నాలుగేళ్ల కిందటి మాట అది. అప్పుడున్నవే రెండు. ఇష్టం అడిగేంత లేవు.

దామోదర్ ఉమారాణి ఎదురుగా కింద కూర్చున్నాడు. “మా కాడ చేప పిల్లను చెరువుకు తోలే ముందట గట్టి చేస్తం. రెండు దినాలు వలగూట్ల పెట్టి, మేత బందువెట్టి, నీళ్లు చిలకరిస్తం. బలం లేనియి ఆన్నే పోతయి. పోంగా మిగిలినయే తొట్లె ఏసి పంపుతం. గట్టి చేయకుండ పంపినమంటే చెరువుల ఏసిన తెల్లారి తెల్లగ తేలుతయి. తోవల సచ్చేదానికన్న గూట్ల సచ్చుడు నయం. గిది గూడ గంతే. ఆ పెట్టెల ఐదు దినాలు నిలిచింది రేపు నీ కడుపుల నిలుస్తది. నిలువని దాన్ని పెట్టుకొని పదిహేను దినాలు ఆశ వడి...” మొదటిసారి ఆ పదిహేను రోజులూ ఎట్లా గడిచాయో అతనికీ తెలుసు.

“అవి చేపలురా,” అంది సత్తమ్మ. గొంతులో కోపం లేదు, భయం ఉంది. “మనయి చేపలు గావు.”

ఉమారాణి ఎవరి వైపూ చూడలేదు. పుట్టినింట్లో ఆమెకు మంచి పేరుండేది. చలికి బిగుసుకుపోయిన గొర్రెపిల్లను తెచ్చి ఒళ్లో పెడితే బతికిస్తుందని వాడకట్టంతా పిలిచేవాళ్లు. పొయ్యి పక్కన గొంగట్లో చుట్టి, ముక్కులో చీమిడి పీల్చి ఉమ్మి, ముర్రుపాలు వేలికి రాసి నాకించి, తల్లి తన్నితే తల్లి కాళ్లు కట్టేసి పొదుగుకు పట్టించి... ఆమెకు తెలిసిందల్లా పిల్లను చేతుల్లోకి తీసుకోవడం. లోపలి మాట అడిగితే ఆమెదీ సత్తమ్మ మాటే. కానీ ముందుసారి తెచ్చుకున్నారు కదా. లోపల పెట్టుకుని, పడుకుని, కదలక మెదలక, తుమ్ము వస్తే ఆపుకుని కాపాడింది కదా. కాపాడలేకపోయింది. ఆమె చేతికున్న పేరు ఆమె కడుపుకు లేదని ఆ రోజే తేలిపోయింది. పెట్టె తనకంటే నయమేమో.

పదకొండూ యాభైకి తనే ఫోన్ చేసింది. “ఐదోనాటి దాక ఉంచుండ్రి,” అంది.

సత్తమ్మ చీరను మళ్లీ దండెం మీద వేసింది.

గురువారం ముసురు పట్టింది. నాలుగో రోజు పెట్టె తెరవరట. తెరిస్తే వేడి పోతుందట. అయినా ఉమారాణి పొద్దుటినుంచి తూర్పు గోడకు ఆనుకునే ఉంది. మధ్యాహ్నం దొడ్లో ఒక తొలిచూలు గొర్రె ఈనింది. దాని కేక వినగానే అర్థమైంది, పిల్ల అడ్డం తిరిగిందని. లేవబోయింది. ఇన్ఫెక్షన్ వస్తుంది, పశువుల దగ్గరికి పోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మళ్లీ కూర్చుంది.

“అత్తమ్మా, చెయ్యికి నూనె రాసుకో! ముందటి కాళ్లు దొరకవట్టు!” అరుగు మీది నుంచే కేకేసింది.

“నాకు చెప్తున్నదమ్మా దొరసాని!” వానలోంచి సత్తమ్మ గొంతు. “నువ్వు పుట్టకముందు సంది తీస్తున్న!”

కాసేపటికి పిల్ల అరిచింది. తల్లి అరిచింది. సత్తమ్మ మోచేతుల దాకా తడిసి వచ్చి, “పోతుపిల్ల. లేసి పాలకొచ్చింది,” అంది. ఉమారాణి తల ఊపింది. ఇంకెప్పుడైనా అయితే లేచి పరుగెత్తి చూసేది. ఇప్పుడు ఆ గొర్రె మీద ఆమెకు కోపంలాంటిది వచ్చింది. దాన్ని ఎవరూ ఏదీ అడగలేదు, ఇదా అదా చెప్పమని.

శుక్రవారం ఫోను ఆలస్యమైంది. పదకొండు దాటింది. దామోదర్ అరుగు మీది నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి అరుగు మీదికి తిరిగాడు. పదకొండుంబావుకు సుహాసిని మాట వినగానే, ఆమె “మేడం” అన్న తీరులోనే ఉమారాణికి సగం తెలిసిపోయింది.

“నాలుగు ఆగిపోయాయి మేడం. ఒకటి ఉంది. కానీ ఈపాటికి ఉండాల్సినంత లేదు, ఒక రోజు వెనకబడింది. రేపు పొద్దున ఇంకోసారి చూస్తారు. మీరు బయల్దేరకండి, నేనే చేస్తాను.”

“నాలుగా? మొన్న మంచిగున్నయన్న రెండు గూడనా?”

“అవి కూడా మేడం. ఇప్పుడు ఉన్నది నెమ్మదిగా ఉన్న మూడింట్లోది.”

దామోదర్ స్తంభానికి ఆనుకున్నాడు.

“రేపటిదాక నేను ఏం చేయాలె?” అడిగింది ఉమారాణి. “పండుకోవాల్నా? ఏమన్న తినాల్నా? పాలు, పండ్లు, ఏదన్న...”

“మీరేం చేయక్కర్లేదు మేడం.”

“మందు పెంచుకోవచ్చా?”

“అది ఇక్కడుంది కదా మేడం. మీరు చేయగలిగింది ఏమీ లేదు.” ఆ అమ్మాయి మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పడం వల్ల తట్టుకోవడం ఇంకా కష్టమైంది.

ఆ సాయంత్రం సత్తమ్మ పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుని గూట్లో పెట్టింది. దామోదర్ ఫారం నుంచి వచ్చిన రెండు ఫోన్లూ ఎత్తలేదు. ఉమారాణి అన్నం ముందు కూర్చుని, నూటపాతిక కిలోమీటర్లో వంద కిలోమీటర్లో అవతల, ఏసీ గదిలో, అద్దాల పెట్టెలో, తన ఒంటి ముక్కలోంచి పుట్టిన ఒకే ఒక్కటి ఎట్లా ఉందో ఊహించడానికి ప్రయత్నించింది. దానికి మొహం లేదు. చెవులు పట్టుకుని లేపడానికి చెవులు లేవు. ఊపిరి ఊదడానికి ముక్కు లేదు. ఆకలేస్తోందో లేదో అడగడానికి అరుపు లేదు. అది వెనకబడిందని మాత్రం తెలుసు. మందలో వెనకబడ్డ పిల్లను ఎత్తి భుజాన వేసుకుంటారు. దీన్ని ఎక్కడని ఎత్తడం?

శనివారం ఫోను పదికే వచ్చింది.

“అది కూడా ఆగిపోయింది మేడం. సారీ.”

ఎవరూ ఏడవలేదు. సుహాసిని అలవాటైన మాటలు గబగబా చెప్పింది. ఆగిపోయినవాటిని తీసేయడానికి ఇద్దరి అంగీకారమూ కావాలి. సంతకానికి ఇంత దూరం రానక్కర్లేదు, ఫోనులో చెబితే రికార్డవుతుంది.

సత్తమ్మ కోడలి మోచెయ్యి పట్టుకుంది. “ఇస్తరేమో అడుగు,” అంది గుసగుసగా. “తెచ్చుకుందం. సచ్చిన పిల్లల్ని గూడ మనం పారెయ్యం గద. దొడ్డెనక జాగ ఉన్నది.”

ఉమారాణి అడిగింది. “మాకిస్తరా మేడం? మా అత్తమ్మ అడుగుతాంది.”

“కంటికి కనపడవు మేడం,” అంది సుహాసిని. “ఇసుక రేణువులో సగం కూడా ఉండవు. ఇవ్వడానికి... ఇచ్చేట్టు ఉండదు మేడం.”

“మూడోనాడే పెట్టుకుంటే నిలుచునా?”

“చెప్పలేం మేడం. లోపల కూడా ఆగిపోయేవేమో. నిలిచేవేమో. ఇక అది తెలుసుకునే దారి లేదు.”

“సరే,” అంది ఉమారాణి. తీసేయడానికి సరే. ఫోను దామోదర్ చేతికిచ్చింది. అతను రెండుసార్లు నోరు తెరిచాడు. మూడోసారికి “సరే” అన్నాడు.

ఫోను పెట్టేశాక అతను, “నేను గా గూటి ముచ్చట చెప్పకుంటే...” అని మొదలుపెట్టాడు.

“ఫోన్ల చెప్పింది నేను,” అంది ఉమారాణి.

“నేను చెప్తెనే గద.”

“నీకు తెలిసిన పని నువ్వు చెప్పినవ్. ఊకో.”

సత్తమ్మ దేవుని గూటి ముందు నిలబడి ఉంది. మర్నాడు ఆదివారం కులపోళ్లంతా మల్లన్నకు బోనం తీస్తున్నారు. ఈ ఇంటి బోనం కూడా ఉంది. ముట్టుకోవచ్చో లేదో ఆమెకు తెలియడం లేదు. కాన్పయితే పురుడు, పోతే మైల. కడుపు జారిపోయినా దానికి ఒక లెక్క ఉంది, ఇన్నాళ్లని. ఇక్కడ కడుపే రాలేదు. రక్తం చుక్క పడలేదు. అయినా ఎనిమిది ఉండేవి, ఇప్పుడు లేవు. ఎవరినని అడగడం? అయ్యగారిని అడగాలంటే అంతా చెప్పాలి. సుగుణమ్మనడిగితే నిమ్మకాయంత గడ్డకు మైలేమిటంటుంది.

“ఇల్లు మైల వడ్డట్టా, పడనట్టా?” అంది పైకే. కొడుకూ కోడలూ ఆమె వైపు చూశారు.

చివరికి ఆమె బయటికి వెళ్లి కట్టెల పొయ్యి అంటించి పెద్ద గుండిగ ఎక్కించింది. కంచె దగ్గరి వావిలాకు రెండు చేతుల నిండా దూసుకొచ్చి నీళ్లలో వేసింది. తడి కట్టెలకు పొగ లేచింది. ఆ వాసనకు సుగుణమ్మ గోడ మీదుగా తల పెట్టింది.

“ఎవలకే సత్తవ్వా, వావిలాకు నీళ్లు? మీ ఇంట్ల బాలింత ఎవలున్నరు?”

“ఒళ్లునొప్పులకు,” అంది సత్తమ్మ. తల ఎత్తలేదు.

నీళ్లు మరిగాక గుండిగ దించి, బండ మీద పీట వేసి, కోడలి చెయ్యి పట్టుకుని లేపింది.

“నాకేమైందని అత్తమ్మా,” అంది ఉమారాణి. “కడుపుల ఏది వడనేలే.”

“నాకెరుక లేదు బిడ్డా. కూసో.”

ఉమారాణి పీట మీద కూర్చుంది. మొదటి చెంబు నీళ్లు వీపు మీద పడగానే ఒళ్లు ఝల్లుమంది. సత్తమ్మ ఒక చేత్తో నీళ్లు పోస్తూ, ఇంకో చేత్తో నడుము నుంచి మెడ దాకా గట్టిగా రుద్దింది, బాలింతకు రుద్దినట్టే. అప్పుడు ఉమారాణి ఏడ్చింది. సత్తమ్మ చెయ్యి ఆగలేదు.

దడికి అవతల దామోదర్ చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు. ఆ పొగలో, భుజాన తువ్వాల వేసుకుని, చొక్కా సగం విప్పి.

“అమ్మా,” అన్నాడు. “నేను గూడ పోసుకోవాల్నా?”

సత్తమ్మ ఆలోచించింది. చెంబు మళ్లీ ముంచింది.